అమెరికా కాలేజీ ఐస్ హాకీలో గోల్స్ తగ్గడానికి గోలీ (గోల్‌కీపర్) ప్యాడ్లే కారణమా?

డులూత్_అభిమాని:
సూటిగా అడుగుతున్నా. 1985-86లో మిన్నెసోటా డులూత్ తరఫున బ్రెట్ హల్ 42 మ్యాచుల్లో 52 గోల్స్ కొట్టాడు. అదే సీజన్లో మిచిగాన్ స్టేట్ ఆటగాడు మైక్ డొనెల్లీ 59 కొట్టాడు. ఆ మరుసటి ఏడాది నార్త్ డకోటాలో టోనీ హర్కస్ గోల్స్, అసిస్టులు (గోల్‌కి దారితీసిన పాస్‌లు) కలిపి 116 పాయింట్లు తెచ్చుకున్నాడు. ఇప్పుడో? 2023-24లో బోస్టన్ కాలేజ్ కుర్రాడు కట్టర్ గోటియే 41 మ్యాచుల్లో 38 కొడితేనే అందరూ ఆహా ఓహో అన్నారు. జాతీయ ఛాంపియన్‌షిప్ ఫైనల్స్ చూడండి, 1991లో నార్తర్న్ మిచిగాన్ 8-7తో మూడో ఓవర్‌టైమ్‌లో బోస్టన్ యూనివర్సిటీని ఓడించింది, 2024లో డెన్వర్ 2-0తో గెలిచింది. నా లెక్కలో తప్పంతా గోలీల సామానుది. ఛాతీ కవచం, భుజాలు, కాళ్ల ప్యాడ్లు అన్నీ కలిసి నెట్‌లో ఖాళీ అన్నదే లేకుండా చేశాయి. క్రికెట్‌లో బ్యాట్ మందానికి 2017లో హద్దు పెట్టారు కదా, ఇక్కడ ప్యాడ్లు ఇంకా కోయడానికి ఏం అడ్డం?

లోవెల్_తెలుగోడు:
అన్నా, ఫైనల్ స్కోర్లు పట్టుకుని వాదించొద్దు. 2025 ఫైనల్లో వెస్టర్న్ మిచిగాన్ 6-2తో గెలిచింది, అంటే ఒక్క ఏడాదిలో ప్యాడ్లు చిన్నవైపోయాయా? 2004లో డెన్వర్ 1-0తో మెయిన్ యూనివర్సిటీని కొట్టింది. ఒక్కో మ్యాచ్ ఒక్కోలా పోతుంది. మొత్తం మీద గోల్స్ తగ్గాయన్న మాట నిజమే, అందులో గొడవ లేదు.

శనివారం_ఆట:
నేను ప్యాడ్ల వాదన ఒప్పుకోను. మా అబ్బాయి మిన్నెసోటాలో తొమ్మిదో క్లాసు, గోలీగా ఆడతాడు, వాడి ప్రాక్టీసులు చూసి చెబుతున్నా. పక్ (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) గోల్ వెనక్కి వెళ్లగానే వాడు ఒక మోకాలు మంచు మీద దించి, ప్యాడ్‌ను పోస్టుకు ఆనించి, రెండో కాలితో అటువైపుకు తోసుకోవడానికి సిద్ధంగా ఉంటాడు. కోచ్ ఆ ఒక్క కదలిక మీదే అరగంట కూర్చుంటాడు, ఎడమ పోస్టు నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకి, పిల్లాడు చెమటలు కక్కేదాకా. పెద్ద సైజు ప్యాడ్లు కట్టినంత మాత్రాన ఇదంతా రాదు. వెనకటి గోలీలు నిలబడి, పక్ వచ్చాక కాలు విసిరేవాళ్లు, కింద మూలలన్నీ ఖాళీ. మోకాళ్ల మీదికి దిగి కాళ్లు రెండువైపులా పరిచే బటర్‌ఫ్లై పద్ధతి ప్రొఫెషనల్ గోలీ పాట్రిక్ రాయ్ తర్వాత అందరికీ పాకింది, దాంతో కింది నెట్ మూసుకుపోయింది. ఒక మాట మాత్రం నిజం, పాత ప్యాడ్లలో జింక వెంట్రుకలు కూరేవాళ్లు, తడిసి బరువెక్కేవి, ఇప్పటివి సింథటిక్ ఫోమ్, తేలిక. ఆ తేలిక వల్లే ఇన్నిసార్లు కిందికి దిగి లేవగలుగుతున్నారు. కాబట్టి సామాను పాత్ర ఉంది, కానీ అది సైజులో కాదు, బరువులో.

నెట్‌వెనక:
ఇద్దరూ గోలీ దగ్గరే ఆగిపోయారు. అసలు గోలీ దాకా ఎన్ని షాట్లు వస్తున్నాయో ఎవరూ అడగట్లేదు. ముగ్గురు గోలీల అంకెలు పెడతాను, ముగ్గురికీ ఆ ఏడాది కాలేజీ హాకీలో బెస్ట్ ప్లేయర్‌కిచ్చే హోబీ బేకర్ అవార్డు వచ్చింది.

1988లో మిన్నెసోటా గోలీ రాబ్ స్టాబర్. మ్యాచ్‌కి సగటున 2.72 గోల్స్ ఇచ్చాడు, సేవ్ శాతం (వచ్చిన షాట్లలో ఆపినవాటి వంతు) .913. ఆ అవార్డు గెలిచిన మొదటి గోలీ అతనే. ఆ అంకెతో ఇవాళ ఏ గోలీకీ ఆ అవార్డు రాదు.

2001లో మిచిగాన్ స్టేట్ గోలీ రయన్ మిల్లర్. 1.32, సేవ్ శాతం .950.

2022లో మిన్నెసోటా స్టేట్ గోలీ డ్రైడెన్ మెక్‌కే. 1.31, సేవ్ శాతం .931.

ఇప్పుడు మిల్లర్‌నీ మెక్‌కేనీ పక్కపక్కన పెట్టండి. ఇచ్చిన గోల్స్ దాదాపు సమానం, కానీ సేవ్ శాతంలో అంత తేడా. ఎలా కుదిరింది? వెనక్కి లెక్క కడితే తెలుస్తుంది. మిల్లర్ మీదికి మ్యాచ్‌కి సుమారు 26 షాట్లు వచ్చాయి, మెక్‌కే మీదికి 19. స్టాబర్ రోజుల్లో 31. అంటే మిల్లర్ ఎక్కువగా తన చేతుల్తో ఆపాడు, మెక్‌కేకి ముందున్న ఐదుగురు అసలు షాటే పడనివ్వలేదు. మైక్ హేస్టింగ్స్ కోచింగ్‌లో ఆ టీమ్ పక్ ఇచ్చేది కాదు, ఇచ్చినా వెంటనే వెంటాడి లాక్కునేది. ఇంత పద్ధతిగా ఆడే టీమ్ మీద ప్యాడ్లు రెండు అంగుళాలు కోసినా ఏం ఒరుగుతుంది, మ్యాచ్ మొత్తానికి పడేవే 19 షాట్లు.

నా మాట ఇది: గోల్స్ తగ్గడం ఒక కథ కాదు, రెండు. ఒకటి గోలీ బాగుపడటం, రెండోది షాట్లు ఎండిపోవడం. మొదటిది కష్టపడి నేర్చుకున్న విద్య, దాన్ని శిక్షించడం అన్యాయం. రెండో దాన్ని మాత్రం రిఫరీలు మార్చగలరు.

డులూత్_అభిమాని:
నెట్‌వెనక గారూ, లెక్క బాగుంది, కానీ మూడు టీములతో మొత్తం కాలేజీ హాకీ గురించి చెప్పలేం. రిఫరీల సంగతంటారా, ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో 2003-04లో రెండు టీములకీ కలిపి మ్యాచ్‌కి 5.1 గోల్స్ దగ్గర ఉండేది, 2005-06లో 6.2 దాకా లేచింది. ఆ ఏడాదే కాళ్ల ప్యాడ్ల వెడల్పు 12 అంగుళాల నుంచి 11కి తగ్గించారు. ఇంతకంటే రుజువేం కావాలి?

నెట్‌వెనక:
ఆ ఉదాహరణే నా వైపు మాట్లాడుతుంది. ఆ ఏడాది ప్యాడ్లతో పాటు పట్టుకోవడం, కర్రతో లాగడం, దారికి అడ్డుపడటం లాంటి వాటిని రిఫరీలు ఒక్కసారిగా కఠినంగా పట్టుకున్నారు, పవర్ ప్లేలు (తప్పు చేసిన టీమ్ ఒక ఆటగాడు తక్కువగా ఆడే సమయం) కుప్పలుతెప్పలుగా వచ్చాయి. తర్వాతి ఐదారేళ్లలో పెనాల్టీలు మళ్లీ తగ్గుతూ వచ్చాయి, గోల్స్ కూడా వాటితోనే దిగాయి. ప్యాడ్లు మాత్రం అదే 11 అంగుళాలు. గోల్స్ పెంచింది ప్యాడ్ల కోతే అయితే, ప్యాడ్లు మారకుండా గోల్స్ ఎందుకు పడిపోయాయి చెప్పండి. ఇంకో సంగతి, మంచు మీది రెండు గీతలు దాటించే లాంగ్ పాస్‌ని ఎన్‌హెచ్‌ఎల్ 2005లో గానీ అనుమతించలేదు, కాలేజీలో అంతకుముందు నుంచే ఉంది. మరి ఆ స్వేచ్ఛ ఉండీ కాలేజీలో గోల్స్ తగ్గాయంటే దారి మూస్తున్నది మధ్యలో ఉన్న ఆటగాళ్లే కదా.

లోవెల్_తెలుగోడు:
ఇంకో కోణం మర్చిపోతున్నారు. అప్పట్లో పెద్ద టీములు బలహీనమైన టీముల మీద పడి పండగ చేసుకునేవి, ఆ రికార్డుల్లో కొంత ఆ మ్యాచులదే. ఇప్పుడు అలా కాదు. క్వినిపియాక్ కాలేజీ ఆటలో పై స్థాయి అయిన డివిజన్ వన్‌కి వచ్చిందే 1998లో, 2023లో ఛాంపియన్ అయిపోయింది. వెస్టర్న్ మిచిగాన్‌కి 2025దే మొదటి టైటిల్. చిన్న కాలేజీలు, కాలేజీకి ముందు ఆడే జూనియర్ హాకీలో రెండు మూడేళ్లు ఆడి ఇరవై, ఇరవై ఒకటి దాటిన కుర్రాళ్లని తెచ్చుకుంటున్నాయి, వాళ్లు పద్దెనిమిదేళ్ల స్టార్‌ని తేలిగ్గా వదలరు. పైగా హర్కస్ ఆ 116 పాయింట్లు 48 మ్యాచుల్లో తెచ్చుకున్నాడు, బోస్టన్ యూనివర్సిటీ స్టార్ మాక్లిన్ సెలెబ్రిని 2023-24లో ఆడినవే 38. మ్యాచ్‌కి లెక్కేసినా తేడా ఉంది, అది వేరే మాట, 2.4 ఎక్కడ, 1.7 ఎక్కడ.

శనివారం_ఆట:
పాల్ కరియాని కూడా కలపండి, 1992-93లో మెయిన్ తరఫున మొదటి ఏడాదే 39 మ్యాచుల్లో 100 పాయింట్లు. ఆ టీమ్ ఏడాదంతా ఓడింది ఒక్క మ్యాచే.

డులూత్_అభిమాని:
సరే, రిఫరీలు కఠినంగా ఉండాలంటే నాకూ అభ్యంతరం లేదు. కానీ ప్యాడ్ల మాట వదలను. భుజాల మీద, తొడల మీద ఉన్న ఆ అదనపు మందం దెబ్బ తగలకుండా కాపాడటానికి కాదు, నెట్ మూయడానికి. ఆ రెండింటినీ వేరుచేసి కొలిచే నిబంధన పెట్టి, కాపాడేంత ఉంచి మిగతాది తీసేయమంటున్నా. పిల్లలకి దెబ్బలు తగలాలని ఎవరూ కోరుకోరు.

నెట్‌వెనక:
కొలిచి తీసేయండి, నేనేం అడ్డుపడను. కాకపోతే ముందు రిఫరీల సంగతి చూడాలి, ఎందుకంటే ఇప్పుడు కెనడా మేజర్ జూనియర్ లీగుల్లో ఆడే కుర్రాళ్లకి కూడా కాలేజీ తలుపులు తెరిచారు, 2025-26 నుంచి అక్కడి స్టార్ గావిన్ మెకెన్నా లాంటివాడు పెన్ స్టేట్‌కి వచ్చాడు. అలాంటి కుర్రాడు పక్‌తో మధ్య గీత దాటుతుంటే వెనక నుంచి కర్ర తగిలించి ఆపేసేవాడికి రెండు నిమిషాల పెనాల్టీ పడకపోతే, ప్యాడ్లు ఎంత సన్నవైనా అతని షాట్ గోలీ దాకా వచ్చేదే లేదు.