డయాలసిస్ ఫిల్టర్ కడిగి వాడితే పర్యావరణానికి మేలా, నీళ్లు దండగా?

కొత్తసెంటర్_10బెడ్లు
జిల్లా కేంద్రంలో 10 మెషీన్లతో డయాలసిస్ సెంటర్ పెడుతున్నాం. 3 షిఫ్టులు, రోజుకు 30 సెషన్లు. బోరు నీళ్లే ఆధారం, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) 800 దగ్గర ఉంది. ఒక పార్టనర్ ఏమంటారంటే, ఫిల్టర్ (రక్తాన్ని శుద్ధి చేసే డయలైజర్) కడిగి అదే పేషెంట్‌కు ఏడెనిమిది సార్లు వాడితే ప్లాస్టిక్ చెత్త తగ్గుతుంది, పర్యావరణం పేరు చెప్పుకోవాలంటే అదే దారి. ఇంకొకాయన, తెలంగాణ ప్రభుత్వ కేంద్రాల్లోనే సింగిల్ యూజ్ ఫిల్టర్ ఇస్తుంటే మనం వెనక్కి పోవడమేంటంటున్నారు. డబ్బు సంగతి వదిలేయండి. పర్యావరణం లెక్కలో రీయూజా, సింగిల్ యూజా?

ఆర్‌ఓ_రూమ్
ముందు మీ నీళ్ల లెక్క చూసుకోండి. డయాలిసేట్, అంటే ఫిల్టర్‌లో రక్తం పక్కన పారి మలినాలు తీసుకుపోయే ద్రవం, నిమిషానికి 500 మి.లీ., 4 గంటలకు 120 లీటర్లు. ప్రైమింగ్ (సెషన్‌కు ముందు ఫిల్టర్, లైన్లు నింపి సిద్ధం చేయడం), రిన్స్, డిస్‌ఇన్ఫెక్షన్ కలిపితే సెషన్‌కు 150 అనుకోండి. 30 సెషన్లకు 4,500 లీటర్ల ఆర్‌ఓ నీళ్లు. రికవరీ (బోరు నీళ్లలో ఆర్‌ఓ నీళ్లుగా మారే వంతు) 50 శాతమైతే ఇంకో 4,500 లీటర్లు రిజెక్ట్, అంటే ఆర్‌ఓ వదిలేసే ఉప్పునీళ్లు. అంటే బోరు నుంచి రోజుకు 9,000.

ఇప్పుడు రీయూజ్ కలపండి. పంపు కింద చేత్తో కడిగితే ఫిల్టర్‌కు 20 లీటర్లకు తగ్గదు, అదీ ఆర్‌ఓ నీళ్లే. 30 ఫిల్టర్లకు 600, బోరు లెక్కన 1,200 లీటర్లు. మిగిలే ప్లాస్టిక్ ఎంత? తడి ఫిల్టర్ ఒకటి 300 గ్రాములనుకుంటే సింగిల్ యూజ్‌లో రోజుకు 9 కిలోలు. ఒక్కోటి సగటున 7 సార్లు వాడితే 1.3 కిలోలు. ఏడున్నర కిలోల ప్లాస్టిక్ మిగుల్చుకోవడానికి 1,200 లీటర్ల బోరు నీళ్లు, పైన ఫిల్టర్‌లో క్రిములు చంపే పెరసిటిక్ యాసిడ్. ఎండాకాలంలో బోరు ఎండిపోయే ఊళ్లో ఇది లాభం బేరమని నేననుకోను.

పాత_టెక్నీషియన్
లెక్క బాగానే ఉంది గానీ ఒక వైపే చూపించారు సార్. ఆ ఏడున్నర కిలోల ఫిల్టర్లు ఫ్యాక్టరీలో తయారవడానికి, స్టెరిలైజ్ కావడానికి, ఓడలో రావడానికి ఏమీ ఖర్చు కాలేదా? 1,200 లీటర్లలో సగం రిజెక్టే, దాన్ని మళ్లీ వాడుకోవచ్చు. ఆటోమేటిక్ రీప్రాసెసింగ్ మెషీన్ పెడితే 20 లీటర్లు కూడా పట్టవు. కళ్ల ఆస్పత్రులు చూడండి. మదురై అరవింద్‌లో శుక్లం ఆపరేషన్‌కు వెలువడే కార్బన్, బ్రిటన్‌లో అదే ఆపరేషన్‌కు అయ్యేదాంట్లో సుమారు 5 శాతమేనని 2017లో లెక్కగట్టారు. మళ్లీ వాడడం ముఖ్య కారణాల్లో ఒకటి. అక్కడ మేలైంది ఇక్కడెందుకు కీడవుతుంది?

కిడ్నీ_వార్డు_డాక్టర్
ఎందుకంటే శుక్లం తీసే ఫేకో హ్యాండ్‌పీస్ లోహం. ఆటోక్లేవ్‌లో ఆవిరి పడితే సూక్ష్మజీవి చస్తుంది, వస్తువు చెడదు. ఫిల్టర్‌లో వేల సంఖ్యలో వెంట్రుకలంత సన్నని గొట్టాలు, వాటి కొసలు పాలీయురెథేన్‌లో పాతేసి ఉంటాయి. వాడిన దాన్ని ఆటోక్లేవ్ చేసి మళ్లీ వాడే పని లేదు గనక మందునీళ్లే గతి. మందునీళ్లంటే ప్రతి మెట్టులోనూ మనిషి చెయ్యి ఉంటుంది.

తప్పు ఎక్కడ జరుగుతుందో చెబుతాను. సెషన్ కాగానే రక్తం సరిగా వెనక్కి పంపకపోతే హెడర్‌లో (ఫిల్టర్ మూత భాగం) గడ్డ కడుతుంది. వాడిన ఫిల్టర్‌ను గంటలు గంటలు సింక్ పక్కన వదిలేస్తే ఎంత కడిగినా వదలదు. ఇక బండిల్ వాల్యూమ్, అంటే ఆ గొట్టాల్లో పట్టే నీళ్ల కొలత. మొదటి వాడకానికి ముందు కొలిచి రాసుకోవాలి, తర్వాత ప్రతిసారీ అందులో 80 శాతానికి తగ్గితే పారేయాలి. చాలా చోట్ల ముందు కొలవరు, డబ్బా మీద అచ్చేసిన అంకె రాసేస్తారు. 110 మి.లీ. అని రాసినది నిజంగా 118 ఉంటే కట్ఆఫ్ 94 కావాలి, వీళ్లు 88 దాకా లాగిస్తారు. పేషెంట్‌కు శుద్ధి తగ్గుతుంది, రిజిస్టర్‌లో మాత్రం అన్నీ పాస్.

గడ్డలు పోవాలని బ్లీచ్ ఎక్కువ వేస్తే పాలీసల్ఫోన్ పొర వదులై అల్బుమిన్ కారుతుంది. అసలు వేయకపోతే ప్రోటీన్ పేరుకుపోయి పెద్ద అణువులు బయటికి రావు. అదే సింక్‌లో బ్లీచ్ ఉండగా పెరసిటిక్ యాసిడ్ పోశారంటే క్లోరిన్ గ్యాస్. హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్ (హెపటైటిస్-బి ఉన్న) వాళ్ల ఫిల్టర్ ఎట్టి పరిస్థితుల్లోనూ రీయూజ్‌కు వెళ్లకూడదు. ఇంకో సంగతి, మన ఊళ్లలో ఒకే షిఫ్టులో ఇద్దరు లక్ష్మీనారాయణలు మామూలే. లేబుల్ మీద పేరుతో పాటు ఐడీ, ఫొటో లేకపోతే ఒకరిది ఇంకొకరికి ఎక్కుతుంది.

పాత_టెక్నీషియన్
డాక్టర్ గారూ, ఇవన్నీ చెడ్డ రీయూజ్ గురించి. పద్ధతిగా చేసేచోట పెరసిటిక్ యాసిడ్ నింపి 11 గంటలుంచుతారు, ఎక్కించే ముందు మందు ఉందో లేదో ఒక స్ట్రిప్, ప్రైమింగ్ తర్వాత మందు పోయిందో లేదో ఇంకో స్ట్రిప్ పెడతారు. అది విరిగితే వెనిగర్, నీళ్లు, ఆక్సిజన్ అవుతుంది, ఫార్మాలిన్ లాంటి క్యాన్సర్ కారకం కాదు.

కిడ్నీ_వార్డు_డాక్టర్
ఒప్పుకుంటాను, ఫార్మాలిన్‌తో పోలిస్తే చాలా నయం. కానీ రెండో స్ట్రిప్ నెగటివ్ వచ్చాక పేషెంట్ ఆలస్యమై డయాలిసేట్ ఆపేశారనుకోండి. పాటింగ్‌లో (గొట్టాల కొసల పాలీయురెథేన్), ఫైబర్ గోడల్లో దాక్కున్న మందు మెల్లగా రక్తం వైపు దిగుతుంది. ఎక్కించే ముందు మళ్లీ రిన్స్, మళ్లీ స్ట్రిప్. అవి మీరు లెక్కేయని నీళ్లు. మందు పాతబడితే డ్రమ్ముకు డ్రమ్మే డ్రైనేజీలో పోస్తారు, ఎస్‌టీపీలో (మురుగునీటి శుద్ధి ప్లాంట్) మురికి తినే బ్యాక్టీరియా చస్తుంది.

ఎర్రసంచి
మీరిద్దరూ చెత్త సంగతి ఒక్క మాటతో దాటేశారు. ఫిల్టర్, ట్యూబింగ్ ఏ సంచిలో పడతాయన్నదాన్ని బట్టే సగం లెక్క మారుతుంది. 2016 బయోమెడికల్ వేస్ట్ నిబంధనల ప్రకారం ట్యూబులు, సెట్లు, గ్లవ్స్ ఎర్ర సంచి. అవి ఆటోక్లేవ్ అయి, ముక్కలై రీసైక్లింగ్‌కు పోతాయి. "రక్తం అంటింది గదా" అని ట్యూబింగ్ పసుపు సంచిలో వేస్తే నేరుగా మంటల్లోకే. అది పీవీసీ. కాల్చితే హైడ్రోక్లోరిక్ ఆమ్లం, డయాక్సిన్లు. ఫిస్టులా సూదులు (రక్తనాళంలో గుచ్చేవి) ఎర్ర సంచిలో పడితే సంచి చిరిగి, మోసేవాడి చెయ్యి తెగుతుంది. అవి తెల్ల డబ్బాలోకే.

బరువు తగ్గించే చిన్న పని ఒకటి ఎవరూ చేయరు. సెషన్ అయ్యాక మెషీన్‌లో డ్రెయిన్ ప్రోగ్రాం ఉంటే నడిపి ఫిల్టర్‌లో, లైన్లలో మిగిలిన నీళ్లు లాగేయాలి. లేకపోతే ఉప్పునీళ్లను కూడా చెత్తబండిలో ఎక్కించి పంపుతున్నట్టే. ఇంకోటి, ఫిల్టర్ ముక్కలైనా దానికి పెద్ద విలువ రాదు. గుల్ల పాలీకార్బొనేట్, లోపల పాలీసల్ఫోన్, కొసల్లో పాలీయురెథేన్, అన్నీ కలిసిపోయి ఉంటాయి. కాబట్టి "సింగిల్ యూజ్ అయినా రీసైకిల్ అవుతుందిలే" అనే మాట నమ్మకండి. ఈ విషయంలో పాత_టెక్నీషియన్ గారి బాధ న్యాయమే.

కొత్తసెంటర్_10బెడ్లు
అయితే రీయూజ్ కాకుండా నీళ్లు, ప్లాస్టిక్ తగ్గించే దారి ఉందా? రిజెక్ట్ నీళ్లు తోటకు పెడదామనుకున్నాం.

ఆర్‌ఓ_రూమ్
తోటకు పెట్టకండి! మీ ఆర్‌ఓ ముందు సాఫ్టెనర్ ఉంటుంది. అది కాల్షియం తీసి సోడియం ఇస్తుంది, రిజెక్ట్ నిండా సోడియమే. 1,600 టీడీఎస్ సోడియం నీళ్లు రెండేళ్లు పోస్తే మట్టి గట్టిపడి చౌడు తేలుతుంది. నల్లగొండ వైపు బోర్లయితే ఫ్లోరైడ్ కూడా రెట్టింపై వస్తుంది, కూరగాయలకు అసలు వద్దు.

ఈ నీళ్లకు సరైన చోటు టాయిలెట్ ఫ్లష్, నేల తుడుపు, దుప్పట్ల ఉతుకు. కాఠిన్యం లేదు గనక సబ్బు బాగా నురగొస్తుంది. ఇది పేషెంట్‌ను తాకిన నీళ్లు కాదు, మెషీన్ దాకా పోనేపోలేదు. స్టాఫ్‌కు ఈ ముక్క ముందే చెప్పండి, లేకపోతే "డయాలసిస్ నీళ్లు" అని బకెట్ ముట్టుకోరు.

కట్టేటప్పుడు నాలుగు సంగతులు. రిజెక్ట్ పైపు కొస ట్యాంకు నీటిమట్టానికి పైన ఖాళీగా వేలాడాలి, మునగకూడదు. మునిగితే ఆర్‌ఓ మీద వెనక ఒత్తిడి పడుతుంది, ఆగినప్పుడు నీళ్లు వెనక్కి ఎక్కుతాయి. పైపులో త్రీ-వే వాల్వ్ పెట్టండి, మెంబ్రేన్‌కు కెమికల్ వాష్ చేసిన రోజు నీళ్లు డ్రైనేజీకి మళ్లాలి. ట్యాంకు నల్లది, మూత బిగిసేది కావాలి. కార్బన్ ట్యాంకు క్లోరిన్ పీల్చేస్తుంది, అందుకే రిజెక్ట్‌లో క్లోరిన్ బొత్తిగా ఉండదు. రెండు రోజులు నిలవుంటే పాచి, వాసన. ఒక రోజుకు సరిపడా ట్యాంకే చాలు, కొంచెం క్లోరిన్ వేయండి. పైపు రంగు వేరుగా ఉండాలి, తాగేనీళ్ల లైన్‌తో ఎక్కడా కలవకూడదు.

ఇంకో మాట. రికవరీ 50 నుంచి 65 శాతానికి పెంచితే అవే 4,500 లీటర్లకు బోరు నుంచి 6,900 చాలు. 2,100 లీటర్లు అక్కడే మిగిలాయి, రీయూజ్ మింగే 1,200 కన్నా ఎక్కువ. రిజెక్ట్ టీడీఎస్ 2,300 దాకా పోతుంది, సాఫ్టెనర్ నమ్మకంగా పనిచేస్తేనే ఇది చేయాలి. షిఫ్టుకోసారి హార్డ్‌నెస్ టెస్ట్ చేయకపోతే మెంబ్రేన్ మీద సున్నం పేరుకుని ఏడాదిలో మార్చాల్సొస్తుంది.

పాత_టెక్నీషియన్
అంత దాకా ఎందుకు, డయాలిసేట్ 500 నుంచి 400కు తగ్గించండి. సెషన్‌కు 24 లీటర్లు మిగులుతాయి.

కిడ్నీ_వార్డు_డాక్టర్
వారానికి 3 సార్లు వచ్చే, బరువు తక్కువ ఉన్న పేషెంట్‌కు, కేటీ/వీ (శుద్ధి ఎంత జరిగిందో చెప్పే లెక్క) 1.2 పైన నిలిస్తే చేయొచ్చు. మన దగ్గర చాలామంది వారానికి 2 సార్లే వస్తారు. వాళ్లకు దక్కే శుద్ధే అంతంతమాత్రం. వాళ్ల దగ్గర నీళ్లు పొదుపు చేయకండి. దాని బదులు ప్రైమ్ చేసిన మెషీన్ పేషెంట్ కోసం ఎదురుచూస్తున్నప్పుడు ఫ్లో ఆపండి లేదా తగ్గించండి. అరగంటకు 15 లీటర్లు ఊరికే డ్రైనేజీలో పోతున్నాయి, అది ఎవరి ఒంటికీ పనికిరాని నీరు. రీయూజ్ ఫిల్టరైతే తగ్గించవచ్చు గానీ ఆపకండి, పైన చెప్పిన కారణమే.

ఎర్రసంచి
పార్ట్-ఏ (డయాలిసేట్ కోసం నీళ్లలో కలిపే గాఢ ద్రావణం) క్యాన్లు మర్చిపోయారు. 35 వంతుల్లో 1 వంతు లెక్కన సెషన్‌కు దాదాపు 3.4 లీటర్లు. 10 లీటర్ల క్యాన్ ఒక పేషెంట్‌కు సగం కూడా అవదు, మిగతాది పారబోసి కొత్తది తెరిచే సెంటర్లున్నాయి. పౌడర్ తెచ్చి మిక్సింగ్ ట్యాంకులో కలిపి లైన్ ద్వారా ఇస్తే రోజుకు పది, పన్నెండు క్యాన్లు తగ్గుతాయి. కలిపిన ప్రతి బ్యాచ్‌కూ కండక్టివిటీ (లవణాల పాళ్లు) చూసి, ఇద్దరు సంతకం పెట్టాలి. క్యాన్లే వాడేట్టయితే ఖాళీవి మూడుసార్లు కడిగి పాత ప్లాస్టిక్ వాళ్లకు ఇవ్వండి, ఎర్ర సంచిలో వేసి బరువు పెంచకండి. ఇంటికి తీసుకుపోయి తాగేనీళ్లు పట్టేవాళ్లుంటారు, అందుకని అడుగున ఒక బెజ్జం కొట్టి పంపండి.

కొత్తసెంటర్_10బెడ్లు
అర్థమైంది. సింగిల్ యూజ్, 65 శాతం రికవరీ, రిజెక్ట్ ట్యాంకు, పార్ట్-ఏ మిక్సింగ్. రీయూజ్ కోరే పార్టనర్‌కు ఈ థ్రెడ్ చూపిస్తాను, ఆయన ఊరుకుంటారని మాత్రం అనుకోను.

పాత_టెక్నీషియన్
ఊరుకోకూడదు కూడా. ట్యాంకు కట్టకుండా సింగిల్ యూజ్ మాత్రమే మొదలుపెడితే మీ సెంటర్ ప్లాస్టిక్‌లోనూ నీళ్లలోనూ రెంటికీ చెడుతుంది. బోరు లైన్‌కు, ఆర్‌ఓ నీళ్లకు, రిజెక్ట్‌కు వేరువేరుగా మూడు మీటర్లు ప్లంబర్ చేత ఇప్పుడే బిగించండి. గోడలు లేచాక బిగించాలంటే టైల్స్ పగలగొట్టాలి.