కాలేయ క్యాన్సర్ ఏఐకి సీటీ డేటాబేస్: స్కోరు బాగున్నా బయటి స్కాన్లలో ఎందుకు తప్పుతోంది?

ప్రశ్న:
కాలేయంలో హెచ్‌సీసీ (కాలేయ కణాల్లోనే పుట్టే క్యాన్సర్) కణితులను పట్టుకునే మోడల్ కోసం 600 మంది పేషెంట్ల సీటీ స్కాన్లు సేకరించాం. పేర్లు తీసేసి, కణితుల చుట్టూ గీతలు గీయించాం. మా టెస్ట్ సెట్‌లో డైస్ స్కోరు (మోడల్ గీసిన కణితి, మనుషులు గీసినదానితో ఎంత కలిసిందో చెప్పే కొలత) బాగా వస్తోంది. వేరే ఆసుపత్రి స్కాన్లు ఇస్తే మాత్రం చాలా కణితులు వదిలేస్తోంది. ఎక్కడ వెతకాలి?

జవాబు:
ముందు విభజన చూడండి. ట్రెయినింగ్‌కీ టెస్ట్‌కీ స్లైసుల (స్కాన్‌లోని ఒక్కో అడ్డకోత బొమ్మ) వారీగా పంచి ఉంటే ఆ స్కోరును పక్కన పెట్టేయండి. పక్కపక్క స్లైసులు దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి మోడల్ చూసిన బొమ్మనే మళ్లీ చూస్తోంది. పేషెంట్ల వారీగా పంచాలి. ఒకే మనిషి ఆరు నెలల తర్వాత తీయించుకున్న స్కాన్ కూడా అటే వెళ్లాలి.

రెండోది, క్యాన్సర్ లేని స్కాన్లు ఎక్కడివి? క్యాన్సర్ కేసులన్నీ ఒక మెషీన్‌వి, మామూలువి ఇంకో మెషీన్‌వి అయితే మోడల్ మెషీన్‌ను గుర్తుపట్టడం నేర్చుకుంటుంది. ఆరోగ్యమైన కాలేయాలొక్కటే సరిపోవు. సిర్రోసిస్ (కాలేయం మచ్చలు పడి గట్టిపడటం) ఉండి కణితి లేనివి, హెమాంజియోమా (రక్తనాళాల గడ్డ), సిస్టు (నీటి తిత్తి), ఎఫ్‌ఎన్‌హెచ్ (క్యాన్సర్ కాని మరో గడ్డ) ఉన్నవి తప్పకుండా కావాలి. మోడల్ పొరబడేది అక్కడే.

మరో జవాబు (రేడియాలజీ వైపు నుంచి):
ఏ ఫేజ్ (రక్తంలోకి కాంట్రాస్ట్ మందు ఎక్కించాక స్కాన్ తీసిన దశ) స్కాన్లు వాడారో చెప్పలేదు. హెచ్‌సీసీ ఆర్టీరియల్ ఫేజ్‌లో (మందు ధమనుల్లో ఉన్నప్పుడు) చుట్టుపక్కల కాలేయం కంటే తెల్లగా మెరిసి, పోర్టల్ (కాలేయానికి రక్తం తెచ్చే పోర్టల్ సిర మందుతో నిండినప్పుడు) లేదా డిలేడ్ (ఇంకా ఆలస్యంగా తీసిన) ఫేజ్‌లో నల్లబడుతుంది. పోర్టల్ ఒక్కటే ఉంటే చిన్న కణితులు కాలేయంలో కలిసిపోయి కనబడకపోవచ్చు. కాంట్రాస్ట్ ఎక్కించడం మొదలుపెట్టాక సుమారు 35–40 సెకన్లకు లేట్ ఆర్టీరియల్, 60–80 సెకన్లకు పోర్టల్, 2–5 నిమిషాలకు డిలేడ్. స్లైస్ మందం 2.5 మి.మీ. దాటకుండా చూసుకోండి. 5 మి.మీ. స్లైసుల్లో సెంటీమీటరు కణితి రెండు మూడు బొమ్మల్లోనే, అదీ మసకగా కనిపిస్తుంది.

అడిగినవారు:
సిరీస్ (ఒక విడతలో తీసిన బొమ్మల వరుస) పేర్లు నమ్మేలా లేవండీ. కొన్నిటికి 'అబ్డామెన్' అని మాత్రమే ఉంది. ఫేజ్ ఎలా తేల్చాలి?

జవాబు:
పేరు వదిలేసి రక్తనాళాలు చూడండి. అయోర్టా (గుండె నుంచి వచ్చే పెద్ద ధమని) బాగా మెరుస్తూ, పోర్టల్ సిరలోకి కాస్త కాంట్రాస్ట్ వచ్చి, హెపాటిక్ సిరల్లో (కాలేయం నుంచి రక్తాన్ని బయటికి తీసుకెళ్లేవి) ఇంకా రాకపోతే అది లేట్ ఆర్టీరియల్. పోర్టల్ సిరలో ఏమీ లేకపోతే మరీ తొందరగా తీసినట్టు. దానికి వేరే లేబుల్ ఇవ్వండి. హెపాటిక్ సిరలూ నిండితే పోర్టల్ ఫేజ్. ఒక ఫేజ్‌లో గీసిన మాస్క్‌ను (కణితి హద్దును) అలాగే ఇంకోదాని మీద పెట్టకండి. ఊపిరి తేడాతో కాలేయం సెంటీమీటరుకు పైగా జరగవచ్చు. రిజిస్ట్రేషన్ (రెండు స్కాన్లను ఒకదానిమీద ఒకటి సరిపెట్టడం) చేశాక కూడా కంటితో చూడాల్సిందే.

ఇంకో జవాబు:
పేర్లు తీసేశామన్నారు, ఏయే చోట్ల? డైకామ్‌లో (స్కాన్లు దాచే ఫైలు పద్ధతి) పేరు, ఐడీ, పుట్టిన తేదీ పోయినా ప్రైవేట్ ట్యాగుల్లోనూ (మెషీన్ కంపెనీ సొంతంగా పెట్టుకునే వివరాల గడులు), డోస్ రిపోర్టు బొమ్మ మీదా మిగిలిపోతాయి. తేదీలు చెరిపేయకుండా, ఒక్కో పేషెంటుకు ఒకే సంఖ్యలో రోజులు జరపండి. అప్పుడు రెండు స్కాన్ల మధ్య ఎడం నిలుస్తుంది. యూఐడీలు (ప్రతి స్కాన్‌కీ బొమ్మకీ ఉండే గుర్తింపు సంఖ్యలు) కూడా ఒకే పద్ధతిలో మార్చకపోతే సిరీస్‌లు చెల్లాచెదురవుతాయి. నిఫ్టీలోకి (స్కాన్లు దాచే ఇంకో ఫైలు పద్ధతి) మార్చాక కాలేయం కుడివైపే ఉందా, స్లైసుల మధ్య దూరం అంతటా సమానమేనా అని చూడండి. మధ్యలో ఒక్క స్లైస్ పోయినా కణితి కొలత తప్పుతుంది.

రేడియాలజీ జవాబు:
ప్రతి కణితికీ ఆధారం రాసి ఉంచండి: బయాప్సీయా, ఆపరేషన్ తర్వాతి పరీక్షా, ఎల్‌ఐ-రాడ్స్ (స్కాన్ చూసి కాలేయ క్యాన్సర్ అవకాశాన్ని లెక్కకట్టే పద్ధతి) గ్రేడా? ఎల్‌ఆర్-5 (అందులో 'ఖాయంగా హెచ్‌సీసీ' అనే గ్రేడు) ఇవ్వడానికి కణితి కనీసం 10 మి.మీ. ఉండాలి. పైగా సిర్రోసిస్, దీర్ఘకాలిక హెపటైటిస్-బి లాంటి ముప్పున్న పెద్దలకే అది వర్తిస్తుంది. టీఏసీఈ (ధమని ద్వారా కణితికి మందు పంపి, రక్తం అందకుండా మూసే చికిత్స) చేసిన కణితులను వేరుగా పెట్టండి; అందులో వాడే లిపియోడాల్ నూనె తెల్లగా మెరవడం చూసి మోడల్ దాన్నే క్యాన్సర్ అనుకుంటుంది. గీతలు ఇద్దరు విడివిడిగా గీయాలి, తేడా వస్తే మూడో వ్యక్తి తేల్చాలి. ఇద్దరి గీతలూ దాచండి.

అడిగినవారు:
మరి డైస్ స్కోరు నమ్మవచ్చా?

జవాబు:
దాన్ని ఒక్కదాన్నే నమ్మకండి. 8 సెం.మీ. కణితి ఘనపరిమాణం 1 సెం.మీ. కణితికి 512 రెట్లు. రెండూ ఒకే స్కాన్‌లో ఉంటే చిన్నదాన్ని పూర్తిగా వదిలేసినా స్కోరు కదలదు. 2 సెం.మీ. లోపువి ఎన్ని దొరికాయి, ఒక్కో స్కాన్‌కి ఎన్ని తప్పుడు గుర్తులు పడ్డాయి అని విడిగా లెక్కపెట్టండి.