బషీర్‌బాగ్‌లో చిన్న సీఏ ఆఫీసు: నెలకు పన్నెండు వ్యాసాలు, ఒక్క క్లయింటూ రాలేదు

ప్రశ్న (బషీర్‌బాగ్ సీఏ)

నమస్తే అండి. మాది ఇద్దరు పార్టనర్ల సీఏ ఆఫీసు, మామయ్య, నేను. ముగ్గురు ఆర్టికల్స్ (సీఏ శిక్షణలో ఉన్న పిల్లలు) ఉన్నారు. మామయ్యకు ఇన్నేళ్లూ పని నోటి మాట మీదే వచ్చింది. ఇప్పుడు పాత క్లయింట్ల పిల్లలు షాపులు చూసుకుంటున్నారు. వాళ్లు ఎవరినీ అడగరు, ముందు ఫోన్‌లో వెతుకుతారు. అందుకే నేను పట్టుబట్టి కంటెంట్ మార్కెటింగ్ కోసం ఒక ఏజెన్సీని పెట్టాను. నెలకు 18 వేలు. వాళ్లు నెలకు పన్నెండు వ్యాసాలు రాస్తున్నారు: "జీఎస్టీ అంటే ఏమిటి", "పన్ను ఆదాకు పది మార్గాలు" లాంటివి. పండగలకు మా బోర్డు వేసిన పోస్టర్లు అదనం. ఆరు నెలలైంది. వచ్చిన ఫోన్లన్నీ లోన్లు అమ్మేవాళ్లవే.

ఇప్పుడు ఏజెన్సీ వాళ్లు "నగరంలో నంబర్ వన్ సీఏ" అని ప్రకటన నడుపుదాం, వెబ్‌సైట్‌లో క్లయింట్ల లోగోలు పెడదాం అంటున్నారు. మామయ్య "మన సీఏల మీద అజమాయిషీ చేసే ఇన్‌స్టిట్యూట్ నుంచి కాగితం వస్తే నువ్వే సమాధానం చెప్పుకో" అని కూర్చున్నారు. మానేయాలా, ఇంకోలా చేయాలా?

జవాబు 1 (నాంపల్లి, రిటైర్డ్ సీఏ)

మీ మామయ్య మాట వినమ్మా. ఆ ప్రకటన ఈ రోజే ఆపించు. 1949 చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం మొదటి షెడ్యూల్, మొదటి భాగం తీసి 6, 7 క్లాజులు చదువు. పని కోసం వెంటపడకూడదని ఒకటి, ప్రచారం చేసుకోకూడదని ఇంకొకటి. వెబ్‌సైట్ పెట్టుకోవచ్చు. చూడాలనుకున్నవాడు వచ్చి చూస్తాడు. మనంతట మనం వాడి మీదికి నెట్టకూడదన్నది ఏళ్లుగా వచ్చిన నియమం. క్లయింట్ల పేర్లు, ఫీజులు అందులో ఉండకూడదనీ ఉండేది. లోగోలు ఇప్పటికే ఎక్కించి ఉంటే తీయించెయ్. 2020 జూలై నుంచి అమల్లోకి వచ్చిన నీతి నియమావళిలో పాఠం చెప్పే వీడియోలు పెట్టుకోవచ్చుగానీ, వాటిలో ఫర్మ్ పేరు, ఫోన్ నంబరు రాకూడదని ఉండేది. ఈ నియమాలను అప్పుడప్పుడు సవరిస్తుంటారు, ఏ పని మొదలుపెట్టినా ఇన్‌స్టిట్యూట్ సైట్‌లో తాజా నియమాలు చూసుకునే మొదలుపెట్టు. ఏజెన్సీ వాడికి ఇవేవీ తెలియవు, తెలియాల్సిన అవసరమూ లేదు. సంతకం పెట్టేది నువ్వు.

జవాబు 2 (కోఠీ వకీలు)

మీరు నయం మేడమ్. మాకు వకీళ్లు ప్రచారం చేసుకోకూడదనే బార్ కౌన్సిల్ 36వ నియమం ఉంది. 2008లో సవరించాక వెబ్‌సైట్ పెట్టుకోనిచ్చారు. అదీ పేరు, చిరునామా, ఎన్‌రోల్‌మెంట్ నంబరు, చదువు, చూసే కేసుల రకం, అంతవరకే. 2024లో మద్రాసు హైకోర్టు ఆన్‌లైన్‌లో వకీళ్లను సరుకులా అమ్మే సైట్ల మీద గట్టిగానే మాట్లాడింది. నేను పోస్టర్ల జోలికే వెళ్లను.

జవాబు 3 (హిమాయత్‌నగర్ సీఏ)

మేడమ్, నేనూ ఇదే గోతిలో పడి లేచాను కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నా.

"జీఎస్టీ అంటే ఏమిటి" అని మీ వీధిలో ఎవరు వెతుకుతారు? పోటీ పరీక్షలకు చదివే పిల్లలు. వాళ్లు మీకు ఫోన్ చేయరు. షాపు యజమానికి జీఎస్టీ అంటే ఏమిటో మనకంటే బాగా తెలుసు. అతని అనుమానం వేరే చోట ఉంటుంది.

నేను చేసింది ఒక్కటే. రిసెప్షన్‌లో ఫోన్ పక్కన ఒక లాంగ్ బుక్ పెట్టించాను. ఫోన్‌లో ఎవరు ఏమి అడిగినా వాళ్ల మాటల్లోనే రాయమన్నాను, మన భాషలోకి మార్చొద్దన్నాను. మొదటి వారంలోనే ట్రూప్ బజార్ నుంచి ఒక ఎలక్ట్రికల్ సామాన్ల షాపతను ఇలా అడిగాడు: "సార్, నలభై దాటితేనే జీఎస్టీ అంట కదా, మనది ఇరవై ఏడే." వస్తువులు అమ్మేవాళ్లకు ఏడాది అమ్మకాలు 40 లక్షలు దాటితేనే రిజిస్ట్రేషన్ అని నెట్‌లో దాదాపు ప్రతి వ్యాసమూ చెబుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో అంతే. కానీ 20 నుంచి 40కి చేసిన ఆ పెంపు తెలంగాణ తీసుకోలేదు, ఇక్కడ వస్తువులకూ 20 లక్షలే. పాపం అతను రిజిస్ట్రేషన్ లేకుండా ఏడాదిగా నడుపుతున్నాడు.

అదే శీర్షిక పెట్టాను: "నలభై దాటితేనే జీఎస్టీనా? తెలంగాణలో కాదు". రెండు పేజీలు, తెలుగులో. విజయవాడలో బావమరిది చెప్పిన లెక్క ఇక్కడ ఎందుకు కుదరదో రాశాను. అప్పటిదాకా రాసిన అరవై వ్యాసాలకు రాని ఫోన్లు దానికి వచ్చాయి. వచ్చినవాళ్లంతా అబిడ్స్, బేగంబజార్, రాణీగంజ్ వాళ్లే. ఢిల్లీ నుంచి వ్యాసాలు రాసే పెద్ద సైట్లకు ఈ ఒక్క ముక్క పట్టదు. మనకు మిగిలిన చోటు అదే మేడమ్.

ఇంకొకటి, 45 రోజుల సంగతి. చిన్న, సూక్ష్మ సంస్థల దగ్గర సరుకు కొని, గడువు దాటి ఏడాది ముగిసినా డబ్బు కట్టకపోతే, పన్ను లెక్కలో ఆ ఏడాది ఖర్చుగా ఒప్పుకోరు. పాత ఆదాయపు పన్ను చట్టంలో అది సెక్షన్ 43బి(హెచ్). రాతపూర్వక ఒప్పందం ఉంటే గడువు గరిష్ఠంగా ఆ 45 రోజులు, లేకపోతే 15 రోజులే. హోల్‌సేల్‌లో అరువు అలవాటుగా మూడు నెలలు పోతుంది, అందుకే అందరికీ టెన్షన్. కానీ అమ్మినవాడు తయారీదారు కాకుండా ఉత్త ట్రేడర్ అయితే ఇది వర్తించదు. బేగంబజార్‌లో సగం మంది అనవసరంగా భయపడింది ఇక్కడే. ఆ ఒక్క వాక్యం కోసమే జనం ఆ పేజీని ఒకరికొకరు పంపుకున్నారు.

పంపడం అంటే గుర్తొచ్చింది. సొంత క్లయింట్లకు వాట్సాప్‌లో పంపండి, తప్పులేదు. నంబర్లు కొని అందరికీ కొట్టారంటే మాత్రం నాంపల్లి సార్ చెప్పిన 6వ క్లాజు కిందికి వస్తారు.

ప్రతి పేజీ మీద తేదీ వేయండి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చాక సెక్షన్ నంబర్లన్నీ మారాయి. ఏజెన్సీ రాసిన పాత వ్యాసాలు అలాగే వదిలేస్తే మీ పేరు మీద తప్పులు వేలాడుతుంటాయి. నేనైతే అరవైలో యాభై రెండు తీసేశాను.

జవాబు 4 (అమీర్‌పేట, వెబ్ పనులు చేసేవాణ్ని)

వ్యాసాల కంటే ముందు గూగుల్ మ్యాప్స్‌లో మీ పిన్ ఎక్కడుందో చూడండి. బషీర్‌బాగ్‌లో ఒక ఆఫీసుకు పిన్ వెనక సందులో పడి ఉంది. వచ్చినవాళ్లు మూసిన గేటు ముందు నిలబడి ఫోన్ చేసేవాళ్లు, కొందరు అటునుంచి అటే వెళ్లిపోయేవాళ్లు. 3-6 అంటూ మొదలయ్యే ఇంటి నంబరుతో ఎవరూ రాలేరు. ఏ గేటు, ఏ మెట్లు, లిఫ్ట్ ఉందా, బండి ఎక్కడ పెట్టాలి, లంచ్ ఎప్పుడు, వచ్చేటప్పుడు ఏ కాగితాలు తేవాలి, ఇవన్నీ ఒక పేజీలో పెట్టండి. మెట్ల ఫోటో మీరే తీసి పెట్టండి. ఏజెన్సీ పెట్టే నవ్వుతున్న సూటు మనుషుల ఫోటోలు ఎందుకూ పనికిరావు.

బషీర్‌బాగ్ సీఏ

అందరికీ థాంక్స్. ఏజెన్సీ అప్పటికే ఎక్కించేసిన లోగోలు రాత్రే తీయించాను, మామయ్య టీ తాగుతూ నవ్వారు. ఒక సందేహం. రాసేదెవరు? సెప్టెంబర్ 30 ఆడిట్ గడువు దగ్గరపడుతుంటే మాకు అన్నం తినే తీరికే ఉండదు. ఆర్టికల్స్‌తో రాయిస్తే పుస్తకం కాపీ కొట్టినట్టు వస్తోంది.

హిమాయత్‌నగర్ సీఏ

ఆ సీజన్‌లో అస్సలు పెట్టుకోకండి. నవంబర్, డిసెంబర్‌లో నెలకు రెండు రాసుకుంటే చాలు. రాయమంటే మీ మామయ్య రాయరు, అది నాకు తెలుసు. కానీ క్లయింట్‌కు ఫోన్‌లో చెప్పమంటే పది నిమిషాలు చెబుతారు కదా? అలా చెప్పినట్టే వాయిస్ రికార్డు చేయించి ఆర్టికల్‌తో టైపు చేయించండి. "చూడు బాబూ" అన్న మాటలు కూడా తీసేయొద్దు. అంకెలు, తేదీలు మాత్రం మీరే సరిచూసుకోండి.

న్యూజెర్సీ నుంచి

కొంచెం పక్కకు వెళ్తున్నాను, క్షమించండి. కూకట్‌పల్లిలో మా ఫ్లాటు అమ్మాం. కొన్నాయన ఇక్కడివాళ్లకు కోసినట్టే 1 శాతం టీడీఎస్ (ఇచ్చే డబ్బులోంచి ముందే పట్టుకునే పన్ను) కోశాడు. అమ్మేది ఎన్నారై అయితే ఆ లెక్క కాదని, పన్ను తక్కువ కోసేలా ముందే లోయర్ డిడక్షన్ సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చని మాకు తర్వాత తెలిసింది. అర్ధరాత్రి కూర్చుని వెతికితే తెలుగులో ఒక్క చోటా సరిగ్గా లేదు. దాని మీద ఎవరైనా రాయండి మేడమ్, కనీసం మా అపార్ట్‌మెంట్ గ్రూపులో నలుగురు చదువుతారు.

బషీర్‌బాగ్ సీఏ

అది మా లిస్టులో రెండోది అండి, తప్పకుండా. ఈ రోజు ఫోన్ పక్కన పుస్తకం పెట్టాను. సాయంత్రానికి పదకొండు ఫోన్లు, అందులో నాలుగు ఒకటే: "ఇన్‌కమ్ ట్యాక్స్ నుంచి నోటీసొచ్చింది, ఏమవుతుంది?" నాలుగూ 143(1) ఇంటిమేషన్లే, అంటే రిటర్న్ సరిచూశాక పన్ను శాఖ పంపే లెక్క కాగితాలు. మూడింటిలో కట్టాల్సింది సున్నా. మొదటి పేజీ ఇదే రాస్తాను. నోటీసు ఎలా ఉంటుందో ఫోటో కూడా పెడదామనుకుంటున్నా.

నాంపల్లి, రిటైర్డ్ సీఏ

క్లయింట్ కాగితం ఫోటో పెట్టకు తల్లీ. పేరు మీద నల్ల గీత కొట్టినా కింద ఏదో ఒక చోట పాన్ నంబరు కనిపిస్తుంది. తెల్ల కాగితం మీద నువ్వే గళ్లు గీసి, ఎక్కడ చూడాలో బాణం పెట్టు.