‘గుండె గొంతుకలోన’: కొట్లాడుతాదా, కొట్టాడుతాదా?

డ్రాయింగ్ మాస్టారు: ఒక ప్రదర్శనకు యెంకి బొమ్మ వేస్తున్నాను. కింద నండూరి సుబ్బారావుగారి ‘యెంకి పాటలు’లోని పల్లవి రాయాలని ఉంది. ‘గుండె గొంతుకలోన కొట్లాడుతాది, కూకుండ నీదురా కూసింతసేపు’. నా నోటికి వచ్చింది ఇది. మా అమ్మ ‘కొట్టాడుతాది’ అనే పాడేది. ఏది సరైన పాఠం?

గణభంగం: ఛందస్సు మీకు సాయం చేయదండీ. గు–కొ యతి, అంటే పాదంలో అక్షరాల మైత్రి, రెండు పాఠాలకూ చెల్లుతుంది. ‘ట్లా’ అయినా ‘ట్టా’ అయినా గురువే, లెక్కకు దీర్ఘాక్షరమే. అర్థాన్నే అడగాలి. గుండె ఎక్కడైనా తగువు పడుతుందా? కొట్టుమిట్టాడుతుంది. నా ఓటు ‘ట్టా’కే.

పాతపుస్తకాల అటక: ఎందుకు పడదు? గొంతు దాటి బయటపడతానని గుండె, వద్దని యెంకి ప్రియుడు నాయుడుబావ. ‘ట్టా’ అంటే వట్టి దడ. దడకు యెంకి అక్కర్లేదు, నాలుగు మెట్లెక్కినా చాలు.

నల్లసిరా: అసలు కొట్లాడేది గుండే అని ఎవరు తేల్చారు? తర్వాతి చరణాల్లో ‘తాది’తో ముగిసే పనులన్నీ యెంకివే. నవ్వించేదీ ఆమే, పలకరిస్తే విదిలించేదీ ఆమే. పల్లవికీ ఆమే కర్త అనుకోండి, నాయుడుబావ గుండెలో, గొంతుకలో దూరి తగువు పెట్టుకున్నది యెంకి. అప్పుడు ‘ట్లా’ తప్ప మరొకటి పొసగదు.

గణభంగం: ఎదురుగా ఉన్న కర్తను కాదని చరణంలోంచి ఇంకొకరిని అరువు తెచ్చారు. దీన్ని క్లిష్టాన్వయం అంటారు.

నల్లసిరా: దీన్ని పాట వినడం అంటారు.

ఏలూరు కాలువ: మాస్టారూ, ‘నీదురా’లో ‘రా’ను ఎవరూ పట్టించుకోలేదు. మాట్లాడేది నాయుడుబావ, వినేది ఎవరో నేస్తం. ఈ పల్లవికి బొమ్మ వేయాలంటే కుదురుగా కూర్చోలేని మగవాణ్ణి వేయాలి. యెంకి అక్కడ ఉండకూడదు.

డ్రాయింగ్ మాస్టారు: యెంకి లేని యెంకి బొమ్మను ఎవరు చూస్తారండీ? పైగా ఆమె సిగ పూర్తయింది, ముఖమే మిగిలింది.

పాతపుస్తకాల అటక: ముఖం దగ్గరే ఆగిపోతారు, భావకవుల నాయికలతో వచ్చిన చిక్కే అది. రాయప్రోలువారు అమలిన శృంగారమని, దేహవాంఛ లేని ప్రేమ అని, దారి వేశాక ప్రేయసి ఊహల్లోకి ఎక్కిపోయింది. కృష్ణశాస్త్రిగారి ఊర్వశి చీర రంగేమిటో చెప్పండి చూద్దాం. యెంకి ఒక్కతే నేల మీద నడిచింది. ‘నేటి కాలపు కవిత్వం’లో అక్కిరాజు ఉమాకాంతంగారు ఆ పాటలను అంతగా దులిపేసింది అందుకే. కాళ్లకు మట్టి ఉంది గనుకే బాపు గీతలో ఒదిగింది.

ఏలూరు కాలువ: బాపు దాకా ఎందుకు, అడివి బాపిరాజుగారు లేరా? కవీ ఆయనే, చిత్రకారుడూ ఆయనే. రాజమండ్రిలో కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర శిష్యరికం, బందరు జాతీయ కళాశాలలో ప్రమోదకుమార చటర్జీ దగ్గర కుంచె. పాటల్లో ఊహాప్రేయసి శశికళ. చీర రంగు లేకపోయినా నాయిక బొమ్మకు లొంగుతుందనడానికి ఆయన కన్నా రుజువు ఏం కావాలి?

నల్లసిరా: శశికళ పాటల్లోనే బాగుంటుంది. నాకు బాపిరాజుగారంటే ‘హిమబిందు’, ‘గోన గన్నారెడ్డి’ నవలలే. వచనంలోనే ఆయన అసలు రంగులు వేశారు. బొమ్మ కావాలంటే అదే కూల్డ్రే శిష్యుడు దామెర్ల రామారావును చూడండి. ఆయన చిత్రం ‘పుష్పాలంకరణ’లో స్త్రీలకు ఏ కవీ తోడు రానక్కర్లేదు. 1925లో, ముప్ఫై నిండకుండానే పోయారు.

ఏలూరు కాలువ: వచనమంటారా! ‘నారాయణరావు’ వదిలేసి ‘హిమబిందు’ పేరు ముందు చెప్పినవారితో నాకు వాదన లేదు.

డ్రాయింగ్ మాస్టారు: అక్షరం సంగతి...

గణభంగం: చెప్పాను కదండీ, ‘ట్టా’. అది కాదు గానీ, మీరు ‘కూకుండ నీదురా’ అని విడదీసి రాశారు. ‘కూకుండనీదురా’ ఒకే మాట. బొమ్మ మీద అలాగే కలిపి రాయండి.

పాతపుస్తకాల అటక: కలిపితే పాడేటప్పుడు ‘కూకుండ’ తర్వాత ఊపిరి ఎక్కడ తీస్తారు? విడదీయాల్సిందే.