1989 సిట్రోయెన్ బీఎక్స్: వెనక భాగం లేవడం లేదు. పంపా, గుండ్లా?

యానాం_బండి:
అందరికీ నమస్కారం. బండి సిట్రోయెన్ బీఎక్స్ డీజిల్, 1989 మోడల్, ఎడమ చేతి స్టీరింగ్. నాన్నగారిది యానాం. ఫ్రాన్స్‌లో ఉద్యోగం చేసి తిరిగొస్తూ తెచ్చుకున్నారు. ఇప్పుడు చెన్నై పెరంబూర్‌లో మా ఇంటి ముందుంది. తెలియనివాళ్ల కోసం ఒక మాట: దీనికి మామూలు స్ప్రింగులుండవు. ఇంజన్‌తో తిరిగే పంపు ఆయిల్‌ను గట్టి ప్రెషర్‌తో తోస్తుంది. ఒక్కో చక్రం దగ్గర నైట్రోజన్ నింపిన ఇనప గుండు ఉంటుంది. స్ప్రింగు పని ఆ గ్యాసే చేస్తుంది.

సమస్య ఇది. రాత్రి ఆపితే తెల్లారేసరికి వెనక భాగం నేలకు దిగిపోతోంది. స్టార్ట్ చేస్తే ఇదివరకు పది పన్నెండు సెకన్లలో లేచేది, ఇప్పుడు నిమిషం దాటుతోంది. వెనక సీట్లో కూర్చుంటే ఎడ్లబండే. ముందు వైపు ఫరవాలేదు. ఇంజన్ దగ్గర మూడు నాలుగు సెకన్లకోసారి 'టక్' అని వినిపిస్తోంది. మెకానిక్ పంపు పోయిందని 40 వేలు అడుగుతున్నాడు. నిన్న బండి ఎత్తు మార్చే లివర్ 'హై'లో పెట్టి, బండి లేచాక కిందికి దూరి పైపులన్నీ చేత్తో తడిమి చూశాను. లీకు ఎక్కడా తగల్లేదు. వచ్చే నెల నాన్నను ఈ బండిలోనే తిరుపతి తీసుకెళ్లాలి. ఏం చెయ్యమంటారు?

జయనగర్_హైడ్రో:
తమ్ముడూ, 40 వేలు జేబులోనే ఉంచుకో. పంపు కాదు, గుండ్లు.

బెంగళూరులో నా దగ్గర ఇలాంటిదే ఒక బీఎక్స్ పదకొండేళ్లు ఉంది, కాబట్టి వివరంగా చెబుతా. మొదటిది, తెల్లారేసరికి కుంగడం రోగం కాదు. ఈ ఆయిల్ సస్పెన్షన్ ఉన్న ఆ కాలం సిట్రోయెన్లన్నీ కుంగుతాయి. కుంగకుండా ఆపే వాల్వులు తర్వాతి క్సాంటియా మోడల్ కార్లలో వచ్చాయి. రెండోది, ఆ 'టక్' శబ్దం రెగ్యులేటర్‌ది. ప్రెషర్ దాదాపు 170 బార్‌కు చేరగానే పంపుకు సెలవిస్తుంది, 145 దగ్గరికి పడగానే మళ్లీ పనిలో పెడుతుంది. ఆ మధ్యలో నిల్వ ఉంచేది రెగ్యులేటర్ మీదున్న ఐదో గుండు. దాంట్లో గ్యాసు పోతే నిల్వే ఉండదు. కుండకు చిల్లు పడితే ఎన్ని బిందెలు పోసినా అంతే కదా. బాగున్న బండిలో ఇంజన్ ఐడిల్‌లో ఉండగా అర నిమిషానికోసారి వినిపించాలి. మూడోది, వెనక గట్టిపడిందంటే వెనక గుండ్లలోనూ గ్యాసు అయిపోయింది. లోపలి రబ్బరు పొర గుండా ఏళ్ల తరబడి కొంచెం కొంచెం కారిపోతుంది, ఎవరి తప్పూ కాదు.

ఇంజన్ ఆన్‌లో ఉంచి డిక్కీ మీద చేతులానించి గట్టిగా నొక్కు. మెత్తగా దిగి లేస్తే గుండ్లు బాగున్నట్టు. రాయిలా ఉంటే పోయినట్టు.

అంబత్తూర్_పాతకాపు:
పైపులు తడిమినప్పుడు ఇంజన్ నడుస్తోందా, ఆపారా?

పుదుపేట_పంతులు:
పుదుపేటలో అంబాసిడర్ లీఫ్ స్ప్రింగులు దొరుకుతాయి. వెనక అవి బిగించి పారెయ్యండి. ఇంత పురాణం దేనికి?

జయనగర్_హైడ్రో:
పంతులుగారూ, దీని వెనక చక్రాల అమరికే వేరు. లీఫ్ స్ప్రింగు ఎక్కడ బిగిస్తారు, డిక్కీలోనా?

కొరటూర్_కుర్రోడు:
ఆయిల్ ఏ రంగులో ఉంది?

యానాం_బండి:
నొక్కి చూశాను. రాయే. ఆయిల్ ఎర్రగా ఉంది. పోయినేడాది మెకానిక్ పోశాడు. ఇంకోటి, నేను తమ్ముణ్ని కాదు, చెల్లెల్ని.

జయనగర్_హైడ్రో:
ఎరుపా!! చెల్లీ, దీనికి పొయ్యాల్సింది ఆకుపచ్చ ఎల్‌హెచ్‌ఎం. ఖనిజ తైలం. ఎర్రది పాతకాలం డీఎస్ కార్లకు, అదీ 1966 ముందువాటికి. ఒకటి పొయ్యాల్సిన చోట ఇంకోటి పోస్తే సీళ్లు ఉబ్బి నాశనమవుతాయి. నా బండిలో ఒక మహానుభావుడు మామూలు బ్రేక్ ఆయిల్ పోశాడు. ఆర్నెల్లు. ఆర్నెల్లు బండి షెడ్డులో పడి ఉంది. అడిగితే 'ఏ ఆయిలైనా ఆయిలే సార్' అన్నాడు. ముందు నీ మెకానిక్‌ను మార్చు.

అంబత్తూర్_పాతకాపు:
ఎరుపు అనగానే ఉలిక్కిపడక్కర్లేదు. ఈ రోజుల్లో ఎర్రగా దొరికేది ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్. అదీ ఖనిజ తైలమే. సరైనది కాదు, కానీ సీళ్లను తినెయ్యదు. తేల్చుకోవడం తేలిక: గ్లాసుడు నీళ్లలో నాలుగు చుక్కలు వెయ్యండి. బ్రేక్ ఆయిల్ నీళ్లలో కలిసిపోతుంది, ఖనిజ తైలం పైన తేలుతుంది.

నేనడిగినదానికి జవాబు రాలేదమ్మా. ఇంజన్ నడుస్తోందా?

జయనగర్_హైడ్రో:
'సరైనది కాదు కానీ' అంటూ మీరే సర్టిఫికెట్ ఇస్తే ఇక ఎల్‌హెచ్‌ఎం ఎందుకు కనిపెట్టారు? రంగు వేసిందే కలపొద్దని.

అంబత్తూర్_పాతకాపు:
సర్టిఫికెట్ ఇవ్వలేదు. కడిగి మార్చమనే అంటాను. కొంప మునగలేదు అన్నానంతే.

జయనగర్_హైడ్రో:
మునిగాక చెబుతారా?

(ఈ ఎరుపు, ఆకుపచ్చల మీద వాళ్లిద్దరూ ఇంకో తొమ్మిది పోస్టులు రాశారు. అవి వేరే చర్చలోకి మార్చాను. – నిర్వాహకుడు)

యానాం_బండి:
తేలింది! నీళ్ల మీద ఎర్రటి చుక్కలు అలాగే నిలబడ్డాయి. బతికాం. ట్యాంకులో ఆయిల్ నెలకు అర లీటరు దాకా తగ్గుతోంది, పోస్తూనే ఉన్నాను. ఇది ముందే చెప్పాల్సింది.

అంబత్తూర్_పాతకాపు:
అదీ సంగతి. గుండులో గ్యాసు పోతే ఆయిల్ తగ్గదు, గ్యాసే తగ్గుతుంది. అర లీటరు ఆవిరైపోదు కదా. ఎక్కడో బయటికి పోతోంది. గుండ్లన్నీ కొత్తవి వేసినా ఆ లీకు అలాగే ఉంటుంది. ముందు రెగ్యులేటర్ దగ్గర గేజ్ పెట్టించి ప్రెషర్ చూడండి. ఆ తర్వాత రిటర్న్ పైపులు ఒక్కొక్కటే విప్పి సీసాలో పట్టి, ఏ దారిన ఎక్కువ వెనక్కొస్తోందో చూడండి. కొలవకుండా సామాన్లు మార్చడమంటే జ్వరం చూడకుండా సూది వెయ్యడమే.

జయనగర్_హైడ్రో:
ఏ ఎత్తులో చూశావు చెల్లీ లెవెల్? లివర్ 'హై'లో పెట్టి, బండి పూర్తిగా లేచాకే చూడాలి. కిందికి దిగి ఉన్నప్పుడు సస్పెన్షన్‌లోని ఆయిల్ ట్యాంకులోకి వచ్చేసి ఎక్కువున్నట్టు చూపిస్తుంది. ఇవాళ కింద, రేపు పైన చూస్తే నీకు లేని లీకు కనిపిస్తుంది.

యానాం_బండి:
ప్రతిసారీ హైలోనే చూశాను అన్నా.

జయనగర్_హైడ్రో:
ఖచ్చితంగా?

యానాం_బండి:
ఖచ్చితంగా.

జయనగర్_హైడ్రో:
సరే. అయినా గేజ్ ఎందుకు? ఆ 'టక్' శబ్దాల మధ్య సెకన్లు లెక్కపెట్టుకుంటే అదే గేజ్. ఇది ఫ్యాక్టరీ ప్రెస్ కాదు, కారు.

అంబత్తూర్_పాతకాపు:
మూడోసారి అడుగుతున్నాను. తడిమినప్పుడు ఇంజన్ నడుస్తోందా?

జయనగర్_హైడ్రో:
పెద్దాయనా, ఆ అమ్మాయి సస్పెన్షన్ గురించి అడిగితే మీకు చెయ్యి తప్ప వేరే గొడవ లేదా? వచ్చిన దగ్గర్నుంచీ అదే పాట. గేజ్ ఉన్నవాడే ముట్టుకోవాలి, ఫ్యాక్టరీలో చేసినవాడే మాట్లాడాలి అంటే ఈ దేశంలో ఈ బండ్లు ఎవరు చూస్తారు? మెకానిక్‌లేమో తెలియకపోయినా 40 వేలు అంటారు. మేం నేర్చుకుని చేసుకుంటే మీలాంటివాళ్లు భయపెడతారు. నా బండిని పదకొండేళ్లు నేనే చూసుకున్నాను, ఈ రెండు చేతులతోనే.

అడయార్_అత్త:
అయ్యా, కాస్త మెల్లగా. పిల్ల భయపడి బండి అమ్మేస్తుంది.

అంబత్తూర్_పాతకాపు:
చెబుతాను, ఒక్కసారే.

అంబత్తూర్ ఎస్టేట్‌లో ప్లాస్టిక్ మౌల్డింగ్ మెషిన్ల దగ్గర ముప్పై ఏళ్లు మెయింటెనెన్స్ చేశాను. వాటిలోనూ ఇంచుమించు ఇంతే ప్రెషర్, నైట్రోజన్ నింపిన సిలిండర్లు కూడా ఉంటాయి. 1997లో ఒక హోస్ చెమ్మగా ఉందని నా పక్కనున్న కుర్రాడు నడుస్తున్న మెషిన్ మీద చేత్తో రాశాడు. కంటికి కనపడనంత సన్నటి రంధ్రం. ముల్లు గుచ్చుకున్నట్టుందన్నాడు. రక్తం కూడా రాలేదు. టీ తాగి పనిలోకి వెళ్లాడు. సాయంత్రానికి చెయ్యి ఉబ్బింది. ఆయిల్ చర్మం కిందికి దూసుకుపోయి వేళ్ల దాకా పాకింది. రెండు వేళ్లు తీసేశారు. ఆ హోస్ మార్చమని నేను చీటీ రాశాను. మార్చేలోపు మెషిన్ ఆపించలేదు. ఆపించాల్సింది నేనే.

అందుకే అడుగుతున్నాను. లీకును చేత్తో వెతకకూడదు. అట్టముక్కతో వెతకాలి. ఇంకోటి, ఆ అమ్మాయి లివర్ హైలో పెట్టి కిందికి దూరానని రాసింది. దాన్ని నిలబెట్టింది ఆయిలే. పైపు తెగినా, ఎవరైనా లివర్ కదిపినా బండి వీపు మీదికి దిగుతుంది. స్టాండ్లు లేకుండా దూరకూడదని ఇక్కడ ఒక్కరూ అనలేదు. ఎరుపు, ఆకుపచ్చ అన్నారు.

జయనగర్_హైడ్రో:
...

అది నేను చదివాను, వదిలేశాను. నిజం. నేనూ మొదట్లో అలాగే దూరేవాణ్ని కాబట్టి తప్పనిపించలేదు.

కానీ పెద్దాయనా, 'ఆపెయ్' అనడం తేలిక. ఆపిన పాత బండి మళ్లీ కదలదు. వర్షాలకు తడిసి, ఎలుకలు వైర్లు కొరికి, చివరికి తూకానికి పోతుంది. నాదీ అలాగే పోయింది. రెండు నెలలు ఆపుదామనుకున్నాను.

అంబత్తూర్_పాతకాపు:
నేను బండిని శాశ్వతంగా ఆపమనలేదు. తిరుపతి ఆపమంటున్నాను. మీకు తెలిసే ఉంటుంది, దీని వెనక బ్రేకులకు ప్రెషర్ వచ్చేది వెనక సస్పెన్షన్ నుంచే. వెనక బరువు పెరిగితే బ్రేకు కూడా పెరగాలని అలా చేశారు, తెలివైన ఏర్పాటే. కానీ వెనక లేవడానికి నిమిషం పట్టే బండిలో వెనక బ్రేకు ఎంతుందో మీరు చెప్పగలరా?

జయనగర్_హైడ్రో:
చెప్పలేను. ముందు బ్రేకులు వేరే దారిలో ఉంటాయి, అయినా చెప్పలేను.

చెల్లీ, తిరుపతి వద్దు. విప్పే ముందు రెగ్యులేటర్ మీదున్న చిన్న స్క్రూ ఒక చుట్టు వదులు చేసి, ప్రెషర్ పూర్తిగా దింపెయ్. స్క్రూ బయటికి తియ్యకు. ట్యాంకులో జాలీ ఫిల్టరు ఉంటుంది, అది మూసుకుపోయినా మెల్లగా లేస్తుంది, కడుగు.

కొరటూర్_కుర్రోడు:
రెండేళ్లుగా ఇక్కడున్నాను. ఈయన 'చెప్పలేను' అనడం ఇదే మొదటిసారి.

యానాం_బండి:
ఇంజన్ నడుస్తోంది పెద్దాయనా. అందుకే జవాబివ్వలేదు. మీరు మొదటిసారి అడిగినప్పుడే తప్పు చేశానని తెలిసింది, రాయడానికి సిగ్గేసింది.

ఈ ఆదివారం పక్కింటాయన స్టాండ్లు ఇచ్చాడు. బండి స్టాండ్ల మీద, లివర్ నార్మల్‌లో, కర్రకు అట్టముక్క కట్టి పైపుల వెంట జరిపాను. వెనక ఇరుసు పైన, పైపును బాడీకి పట్టి ఉంచే క్లిప్పు దగ్గర, అట్ట మీద ఎర్రటి తుంపర పడింది. ఇంజన్ ఆపి, ప్రెషర్ దింపి, క్లిప్పు తీసి చూస్తే కింద పైపు తుప్పు పట్టి పొరలు ఊడుతోంది. 2023 డిసెంబరు తుఫానుకు మా వీధిలో నీళ్లు నిలిచినప్పుడు బండి రెండు రోజులు మునిగే ఉంది. జాలీ తీస్తే సగం మట్టే. పంపు పోయిందన్న మెకానిక్ ఇది చూడనేలేదు.

జయనగర్_హైడ్రో:
గుండ్లు కూడా పోయాయి, అది మర్చిపోకు. డిక్కీ రాయిలా ఉందన్నావు. నేను చెప్పిందీ నిజమే.

అంబత్తూర్_పాతకాపు:
ఎవరు కాదన్నారు? లోపలి పొర బాగుంటే గుండుకు వాల్వు పెట్టి మళ్లీ గ్యాసు నింపుకోవచ్చు. అంబత్తూర్‌లో మెషిన్ల సిలిండర్లకు నైట్రోజన్ నింపేవాళ్లున్నారు. ఆక్సిజన్ మాత్రం ఎవరు చౌకగా ఇస్తానన్నా వద్దు, ఆయిల్ తగిలితే పేలుతుంది. కొత్త పైపు వంచి, ఫిట్టింగులు వెయ్యడానికి నా పాత షాపువాళ్లు ఉన్నారు. పైపు ముక్క పట్టుకుని రండి, నేనూ వస్తాను.

జయనగర్_హైడ్రో:
నా పాత బండి వెనక గుండ్లు రెండు మిగిలాయి. అటక మీదున్నాయి. పంపిస్తాను, నింపించి చూడండి. డబ్బులొద్దు.

సూళ్లూరుపేట_99:
ఇంతకీ తిరుపతి?

యానాం_బండి:
సప్తగిరికి రెండు టికెట్లు తీశాను. నాన్న రెండు రోజుల నుంచి నాతో మాట్లాడటం లేదు. పొద్దున్నే వెళ్లి, దిగిపోయిన బండిలో వెనక సీట్లో కూర్చుని పేపర్ చదువుకుంటున్నారు.

అంబత్తూర్_పాతకాపు:
చెయ్యి బాగానే ఉందా?

యానాం_బండి:
పది వేళ్లూ ఉన్నాయి పెద్దాయనా.