తిలోదకాలు ఎవరికి ఇస్తాం?

ప్రశ్న: మొన్న మా నాన్నగారి ఆబ్దికం. భోక్తలను సాగనంపి, సాయంత్రం తీరిగ్గా పత్రిక తెరిస్తే 'నిబంధనలకు తిలోదకాలు' అన్న శీర్షిక కనిపించింది. పొద్దున నేను వదిలినవీ తిలోదకాలే కదా! తండ్రిని మరవకూడదని నేను ఇచ్చాను, నిబంధనలను గాలికి వదిలేసినవారూ అవే ఇచ్చారు. ఒకే మాట ఇలా రెండు వైపులకు ఎలా పోయింది? పెద్దలు చెప్పగలరా?

జవాబు: విడదీయడానికి చిక్కేమీ లేదండీ. తిల + ఉదకం, గుణసంధి. నువ్వులు, నీళ్లు. (తైలం ఈ తిల నుంచి వచ్చిందే. మన నూనె కూడా మొదట నువ్వుల నెయ్యే.) దేవతలకు అక్షతలతో తర్పణం, పితరులకు నల్లనువ్వులతో. ఆ నీళ్లు వేళ్ల కొసల నుంచి పోకూడదు, బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ నుంచి జారాలి. ఆ చోటుకు పితృతీర్థమని పేరు. చేసినవారికి తెలుసు, నీళ్లు జారిపోయినా రెండు గింజలు ఆ సందులోనే అంటుకుని ఉంటాయి. ఎంత విదిలించినా రాలవు.

ఇక అర్థం సంగతి. ఒక మనిషి పేరు చెప్పి నువ్వులు, నీళ్లు వదిలామంటే ఆ మనిషి ఇక లేడని ఒప్పుకున్నట్టే. వాడుక పట్టుకున్నది ఈ సగాన్నే. ఏటేటా పిలిచి పెట్టడమనే రెండో సగాన్ని పక్కన పడేసింది. పైగా బతికున్నవారికీ ఈ నీళ్లు వదిలే విధి ఒకటి ఉండేది. పతితుడైనవాడికి బంధువులు ఊరి బయట ఉదకం వదలాలని, దాసి నీళ్లకుండను కాలితో తన్ని దొర్లించాలని మనుస్మృతి పదకొండో అధ్యాయం చెబుతుంది. దాన్నే ఘటస్ఫోటం అంటారు. ఆ రోజు నుంచి అతనితో మాట లేదు, పొత్తు లేదు. శీర్షికలోని తిలోదకాలకు ఈ కుండ నీళ్లే దగ్గరి చుట్టమని నా ఊహ.

మరొకరు: గురువుగారూ, 'ఆ బాకీకి నీళ్లు వదులుకో' అంటాం కదా. అది దానం మాట కాదా? బలి చక్రవర్తి ధారపోసింది నీళ్లే, అందులో నువ్వులు లేవు.

జవాబు: మంచి మాట పట్టుకున్నారు. ధారపోయడం, ధారాదత్తం రెండూ దానం నుంచి వచ్చినవే. 'నీళ్లు వదులుకోవడం' ఏ రేవు నుంచి వచ్చిందో పందెం కాయను. నువ్వులు చేరితే మాత్రం నాకు అనుమానం లేదు, అది పితృకార్యమే.

ఇంకొకరు: అన్నా, మా తెలంగాణ పల్లెలో మా ఇళ్లల్లో తర్పణాల మంత్రాలు లేవు. మూడో రోజు పిట్టకు పెడతాం. పోయినవారికి ఇష్టమైనవన్నీ వండి, విస్తరిలో పెట్టి, దూరం జరిగి నిలబడతాం. కాకి రాకపోతే ఏదో కోరిక మిగిలిందని అర్థం. 'నీ బిడ్డ పెళ్లి మేం చేస్తాం, ముట్టు' అని ఎవరో ఒకరు మాట ఇస్తారు. మా తాతకు పెట్టినప్పుడు గంటసేపు ఎండలో నిలబడ్డాం. చివరికి మా మేనత్త చుట్ట వెలిగించి విస్తరి పక్కన పెడితే కాకి వాలింది. 'పిట్ట ముట్టింది' అన్న మాట విన్నాకే ఇంటికి కదిలాం. నువ్వుల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. పెత్రమాస (మహాలయ అమావాస్య) నాడు పొద్దున పెద్దలకు బియ్యం ఇస్తాం, అదే సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మకు నువ్వులు, నూకలు నైవేద్యం పెడతాం. పెద్దలకూ పండుగకూ ఒకటే రోజు, మాకు ఎప్పుడూ తేడాగా అనిపించలేదు.

ప్రశ్న అడిగినవారు: అందరికీ కృతజ్ఞతలు. ఇదంతా అమ్మకు చదివి వినిపించాను. మిగిలిన నువ్వుండలు డబ్బాలో సర్దుతూ విన్నది. ''నిబంధనలకు తిలోదకాలు ఇచ్చారు సరే, వాటి పేరు చెప్పి గారెలు ఎవరు వండారట?'' అంది.