చూపు లేనివారి కోసం తయారైన తెలుగు పుస్తకాలను విదేశాలకు తెప్పించుకోవచ్చా?

ప్రశ్న: మా పెదనాన్నగారికి చూపు పూర్తిగా పోయింది. ఆయన ఇప్పుడు మాతోపాటు అమెరికాలో ఉంటున్నారు. హైదరాబాదులోని ఒక సేవాసంస్థ స్క్రీన్ రీడర్ (తెరపై ఉన్న అక్షరాలను పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) చదవగలిగేలా తయారుచేసిన తెలుగు నవలల ఫైళ్లను ఇక్కడికి తెప్పించుకుంటే కాపీరైటు ఉల్లంఘన అవుతుందా?

మొదటి సమాధానం: కాదండీ. ఈ ఇబ్బంది తీర్చడానికే 2013లో మరాకేష్ ఒప్పందం కుదిరింది; చూపు లేనివారి కోసం తయారైన ప్రతులను దేశాల మధ్య పంపుకోనిచ్చే అంతర్జాతీయ ఒప్పందం అది. అంతకుముందు చూపు లేనివారి కోసం ఏ దేశం ఇచ్చిన కాపీరైటు మినహాయింపైనా ఆ దేశపు పొలిమేర వరకే చెల్లేది కాబట్టి, ఒకే పుస్తకాన్ని దేశదేశాన మళ్లీ స్కాన్ చేయవలసి వచ్చేది. 2014లో దీన్ని అందరికంటే ముందు ధ్రువీకరించినది భారతదేశమే; అది మనం గర్వించదగిన విషయం. 2016 సెప్టెంబరు 30న అమలులోకి వచ్చిన ఈ ఒప్పందం అమెరికాకు 2019 మే నుండి వర్తిస్తోంది. అక్కడి చట్టం ప్రకారం పెదనాన్నగారి తరఫున మీరు కూడా తెప్పించవచ్చు.

రెండవ సమాధానం: అయితే ఆ ఫైళ్లు చూపు లేనివారి వంటి అర్హులైన పాఠకులకే చేరాలన్నది షరతు, దయచేసి కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి.

మూడవ సమాధానం: చట్టం దారి ఇచ్చినా పుస్తకాలు తక్కువే. పాత అచ్చులోని వత్తులను ఓసీఆర్ (స్కాన్ చేసిన బొమ్మలోని అక్షరాలను గుర్తించే సాఫ్ట్‌వేర్) తప్పుగా చదువుతుంది, కనుక ప్రతి పేజీనీ మనిషి దిద్దాలి. కొత్త పుస్తకాలలోనూ చాలావాటిని యూనికోడ్ (ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లూ గుర్తించే ఒకే సంకేతాన్నిచ్చే పద్ధతి) కాని ‘అను’ అనే ఫాంట్లలో కూర్చడం వల్ల, వాటి పీడీఎఫ్‌లు స్క్రీన్ రీడర్‌కు అర్థం లేని గుర్తులుగానే వినిపిస్తాయి. ప్రచురణకర్తలు యూనికోడ్ ప్రతులను ఇవ్వాలని మనమందరం గట్టిగా అడగాలి.